పచ్చని చేల పక్కన పిల్లల ఫొటోలు: వెలుగూ రంగూ – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆరుబయట పిల్లల ఫొటోల గురించే. మంచి కెమెరా ఉన్నవాళ్ళూ రాశారు, ఫోను మాత్రమే ఉన్నవాళ్ళూ రాశారు. ఒకేలాంటి ప్రశ్నలను కలిపి, ఊరి పేరు మాత్రం ఉంచి జవాబులిస్తున్నాం.

మా పాపకి పట్టులంగా కట్టి వరిచేను గట్టు మీద నిలబెట్టి ఫొటోలు తీశామండి. కొన్నింట్లో గడ్డం కింద, మెడ దగ్గర పసరు పూసినట్టుంది. మరికొన్నింట్లో ముఖమంతా గులాబీరంగుకి తిరిగిపోయింది. అన్నీ ఒకే చోట పది నిమిషాల్లో తీసినవే. కెమెరా పాడైందంటారా?
– పాఠకురాలు, రాజోలు

కెమెరాకి ఏమీ కాలేదు. మీ ఫొటోల్లో రెండు వేరువేరు తప్పులు కలిశాయి. ఒకటి ముఖాన్ని పచ్చగా చేస్తోంది, రెండోది దాన్ని గులాబీ వైపు లాగుతోంది. విడివిడిగా చూస్తేనే రెండూ పోతాయి.

మొదటిది చేను చేసే పని. వరి ఆకు ఎండలోని ఎరుపునీ నీలాన్నీ ఎక్కువగా తాగేసి పచ్చరంగుని వెనక్కి పంపుతుంది. చుట్టూ ఎకరాలకొద్దీ ఎండ పడుతున్న చేను ఉంటే, నేల నుంచి పైకి లేచే వెలుగంతా పచ్చగానే ఉంటుంది. అది కిందనుంచి వస్తుంది కాబట్టి గడ్డం కింద, ముక్కు కింద, చెంపల అడుగున చేరుతుంది. నుదురు, బుగ్గల పైభాగం మాత్రం ఆకాశం వెలుగులో మామూలుగానే ఉంటాయి. ఒకే ముఖం మీద రెండు రంగుల వెలుగు ఉన్నప్పుడు కెమెరాలో ఏ సెట్టింగు మార్చినా ఒకటి బాగుపడి రెండోది చెడుతుంది. దీనికి మందు చోటు మార్చడమే. సన్నటి గట్టు వదిలేసి బండ్లబాట మీదకో, కళ్ళం దగ్గరకో రండి. పాప నుంచి చేను అంచు కనీసం మూడు నాలుగు మీటర్లు ఉండాలి. కాళ్ళ ముందు, ఫ్రేములోకి రాకుండా, ఎండుగడ్డి గానీ గోనెపట్టా గానీ పరచండి. కిందనుంచి వచ్చే వెలుగు అప్పుడు పచ్చగా కాక కాస్త వెచ్చటి గోధుమరంగులో వస్తుంది. పాపని చేలో కూర్చోబెట్టి తీయాలని చాలామందికి ఉంటుంది. ముఖం పైరుకి ఎంత దగ్గరైతే పసరు అంత ఎక్కువ పడుతుంది, నిలబెట్టడమే మేలు.

రెండోది ఆటో వైట్ బ్యాలెన్స్, అంటే వెలుగు రంగుని బట్టి కెమెరా తనే ఫొటో రంగులు సరిచేసుకునే ఏర్పాటు, చేసే పని. ఫ్రేము నిండా పచ్చదనం కనిపిస్తే, వెలుగే పచ్చగా ఉందేమోనని కెమెరా లెక్కేసి దాన్ని తగ్గించడానికి గులాబీ కలుపుతుంది. లంగా ఎక్కువ కనిపించిన ఫొటోలో ఒక లెక్క, ఆకాశం ఎక్కువ కనిపించిన ఫొటోలో మరో లెక్క. అందుకే పది నిమిషాల్లో పది రంగులు. ఆటో తీసేసి, ఎండలోనైతే 5500 కెల్విన్ (వెలుగు రంగుని కొలిచే అంకె) దగ్గర, నీడలోనైతే 7000 దగ్గర నిలపండి. ఇంకా కచ్చితంగా కావాలంటే ఫొటో స్టూడియో సామాన్ల షాపులో దొరికే గ్రే కార్డుని (మధ్యరకం బూడిదరంగు అట్టని) పాప ముఖం ముందు, కెమెరా వైపు తిప్పి పట్టుకుని ఒక ఫొటో తీయండి. కెమెరాలో అయితే ఆ ఫొటోనే కస్టమ్ వైట్ బ్యాలెన్స్‌కి ఎంచుకోవచ్చు. ఫోనులో అయితే తర్వాత ఫొటోలు దిద్దే యాప్‌లైన లైట్‌రూమ్‌లోనో స్నాప్‌సీడ్‌లోనో ఐడ్రాపర్‌ని ఆ కార్డు మీద పెడితే సరిపోతుంది. చోటు మారినా, ఎండలోంచి నీడలోకి వెళ్ళినా మళ్ళీ కార్డు ఫొటో తీయాలి. కార్డు లేదని తెల్లపంచెని ఆధారంగా పెట్టకండి. నీలిమందు పెట్టిన బట్ట తెలుపు కాదు, లేతనీలం. దాన్ని తెలుపనుకుని సరిచేస్తే పిల్ల పసుపు పూసుకున్నట్టు వస్తుంది.

మన గోదావరి డెల్టాలో చేను ఏడాది పొడుగునా ఒకే రంగులో ఉండదు కాబట్టి ఈ బాధ కూడా ఏడాది పొడుగునా ఉండదు. సార్వా (ఖరీఫ్) పైరు ఏపుగా ఉండే సెప్టెంబరు, దాళ్వా (రబీ) పైరు ఏపుగా ఉండే ఫిబ్రవరి, మార్చి నెలల్లో పసరు మరీ ఎక్కువ. చేలు పండే నవంబరులో, మళ్ళీ ఏప్రిల్ మొదట్లో కిందనుంచి వచ్చే వెలుగు బంగారపు రంగులో ఉండి చామనఛాయకి చాలా అందాన్నిస్తుంది. సంక్రాంతి సెలవులకి ఊరొచ్చేవాళ్ళకి ఇంకో వెసులుబాటుంది. అప్పటికి చాలా చేలల్లో దాళ్వా నాట్లు పడుతూనో, కొత్తగా పడో ఉంటాయి. మొలకల మధ్య నీళ్ళే ఎక్కువ. ఆ నీళ్ళు ఆకాశం వెలుగునే పైకి పంపుతాయి, పసరు పెద్దగా ఉండదు.

ఇప్పటికే తీసేసిన ఫొటోలు పారేయకండి. దిద్దే యాప్‌లో మాస్కు వేసి (దిద్దాల్సిన చోటు మాత్రమే ఎంచుకుని) గడ్డం కింద, మెడ మీద మాత్రమే టింట్‌ని కాస్త గులాబీ వైపు జరిపి, సాచురేషన్ (రంగు చిక్కదనం) కొద్దిగా తగ్గిస్తే చాలావరకు సర్దుకుంటుంది. ముఖమంతటికీ చేయకండి.

కొబ్బరితోటలో తీస్తే బాబు ముఖం మీద వెలుగు మచ్చలు మచ్చలుగా పడుతోంది. నీడలోనే నిలబెట్టామండి.
– పాఠకుడు, అమలాపురం

కొబ్బరితోట నీడ నిండునీడ కాదు. ఆకుల సందుల్లోంచి ఎండ చారలుగా దిగుతుంది. చార పడ్డ చోటుకీ నీడ ఉన్న చోటుకీ వెలుగులో మూడు స్టాపులకి పైగా తేడా ఉండొచ్చు (ఒక స్టాపు పెరిగితే వెలుగు రెట్టింపు, తగ్గితే సగం). చెంప మీద ఆ చార పడితే అక్కడ చర్మం తెల్లగా కాలిపోతుంది, తర్వాత ఎంత దిద్దినా రాదు. పైగా గాలికి ఆకు కదిలితే చార కూడా కదులుతుంది.

తోట మధ్యకి వెళ్ళకుండా అంచు దగ్గర ఆగండి. తోట నీడ నేల మీద ఎక్కడ ముగుస్తోందో గీత కనిపిస్తుంది. ఆ గీతకి ఒకటిన్నర, రెండు మీటర్లు లోపల బాబుని బయటివైపు ముఖం పెట్టి నిలబెట్టండి. ఎదురుగా తెరపి ఆకాశం ఉంటుంది కాబట్టి ముఖం మీద వెలుగు సమంగా పరుచుకుంటుంది, కళ్ళలో మెరుపు కూడా వస్తుంది. మీరు గీత బయట నిలబడి లోపలికి తీస్తారు, వెనక తోట చీకటిగా ఒదిగిపోతుంది. అరటిచెట్టుంటే దానికింద మాత్రం వద్దు. అరటాకులోంచి ఎండ దూసుకొచ్చి పచ్చటి దీపం పెట్టినట్టు చేస్తుంది.

అంచుకి రావడం కుదరకపోతే పల్చటి తెల్ల మల్లు పంచెని ఇద్దరు చెరో వైపు పట్టుకుని బాబు తలకి రెండడుగుల పైన చాపండి. మచ్చలు కరిగి ఒకే మెత్తటి వెలుగవుతుంది. ఒకటి, ఒకటిన్నర స్టాపు వెలుగు తగ్గుతుంది కాబట్టి కెమెరా సున్నితత్వాన్ని చెప్పే ఐఎస్‌ఓ ఆ మేరకు పెంచండి. తోట అంచున ఐఎస్‌ఓ 400, అపర్చర్ (లెన్సు రంధ్రం సైజు) ఎఫ్ 2.8, షట్టర్ (అది తెరిచి ఉండే సమయం) 1/500 సెకను దగ్గర మొదలుపెట్టి చూసుకోండి.

ఒక హెచ్చరిక. గెలలున్న చెట్టు కిందా, ఎండుమట్ట వేలాడే చెట్టు కిందా పిల్లల్ని కూర్చోబెట్టకండి. ముందు పైకి చూసి, తర్వాత చోటు ఎంచుకోండి.

మా వాడు చామనఛాయ. ఫోనులో తీస్తే సున్నం కొట్టినట్టు వస్తాడు, లేదంటే మసిబొగ్గులా వస్తాడు. వాడి అసలు రంగు ఎలా పట్టుకోవాలి?
– పాఠకురాలు, భీమవరం

ఈ ప్రశ్న అడిగినందుకు మీకు కృతజ్ఞతలు. చాలామంది తెల్లగా ఎలా రావాలని అడుగుతారు. పిల్లల ఛాయ మార్చడం ఫొటోగ్రఫీ పని కాదని మా గట్టి అభిప్రాయం. ఇరవై ఏళ్ళ తర్వాత వాడు చూసుకునే ఫొటోలో వాడే ఉండాలి.

ముందు కెమెరా యాప్‌లో బ్యూటీ, ఫేస్ రీటచ్ లాంటి పేర్లతో ఉన్నవన్నీ సున్నాకి దించండి. చాలా ఫోన్లలో అవి మనం పెట్టకుండానే పనిచేస్తుంటాయి. చర్మాన్ని నునుపు చేస్తూ తెల్లగా కూడా చేస్తాయి.

తర్వాత ఎక్స్‌పోజర్, అంటే ఫొటోలోకి ఎంత వెలుగు రావాలన్న లెక్క. కెమెరా మొత్తం ఫ్రేము చూసి సగటు లెక్కేస్తుంది. వెనక చీకటి తోట ఉంటే అంతా చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచుతుంది, ముఖం సున్నమవుతుంది. వెనక తెల్లగోడో ఆకాశమో ఉంటే తగ్గిస్తుంది, ముఖం మసిబారుతుంది. కాబట్టి లెక్క ముఖం మీదే వేయించాలి. ఫోనులో వాడి చెంప మీద వేలు పెట్టి లాక్ పడేదాకా నొక్కి ఉంచండి. పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని మెల్లగా కిందికి జరపండి. నుదుటి మీద, ముక్కు దూలం మీద మెరుపు తెల్లమచ్చలా కాకుండా చర్మంలా కనిపించే చోట ఆపండి. కెమెరా ఉంటే స్పాట్ మీటరింగ్‌తో (చిన్న చుక్క మేరే వెలుగు కొలిచే పద్ధతితో) చెంపని కొలవండి. చామనఛాయకి మీటరు చెప్పిందే దాదాపు సరిపోతుంది, లేదా మూడోవంతు స్టాపు తగ్గించాలి. తెల్లటి ఛాయకి ముప్పాతిక స్టాపు దాకా పెంచాలి, బాగా నల్లటి ఛాయకి దాదాపు ఒక స్టాపు తగ్గించాలి. తగ్గిస్తే ముఖం కనబడదేమోనన్న భయంతో పెంచేస్తుంటారు. చర్మంలో ఎరుపు పాలు ఎక్కువ కాబట్టి వెలుగు మించినప్పుడు ముందు ఎరుపే నిండిపోతుంది, నుదురు పసుపు తిరిగి చదునుగా అయిపోతుంది. జేపెగ్ (మామూలు ఫొటో) ఫైల్లో అది తిరిగి రాదు. వీలైతే రా (RAW, కెమెరా దిద్దకుండా దాచే ఫైలు) ఫార్మాట్‌లో తీయండి.

మూడోది పౌడరు. ఫొటో అనగానే పిల్లలకి పౌడరు దట్టించేస్తాం. నీడలో వెలుగు నీలాకాశం నుంచి వస్తుంది. తెల్లటి పౌడరు ఆ నీలాన్ని ఉన్నదున్నట్టు తిప్పికొడుతుంది, చామనఛాయ మీద అది బూడిద పూసినట్టు కనిపిస్తుంది. చెవులకీ మెడకీ మాత్రం అసలు రంగు మిగిలి, ముఖం అతికించినట్టుంటుంది. తడిగుడ్డతో తుడిచేసి, పొడి నూలుబట్టతో చెమట అద్దండి. రుద్దితే ఎర్రబడుతుంది, అద్దాలి. తలకి కొబ్బరినూనె ముందురోజు రాయండి, ఆ పూట రాస్తే నుదుటి మీదకి జారి మెరుస్తుంది. కాటుక, దిష్టిచుక్క ఉండనివ్వండి.

ఓణీల ఫంక్షన్‌కి ముహూర్తం పదకొండున్నరకి. ఫొటోలు పన్నెండు తర్వాతే కుదురుతాయి. మే నెల. ఏం చేయాలి?
– పాఠకుడు, నరసాపురం

మన గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానికి కట్టుబడి ఉంది. ఆ రేఖ కాకినాడకి కాస్త తూర్పుగా పోతుంది. అందుకని డెల్టాలో గడియారం పన్నెండన్నప్పుడు సూర్యుడికీ దాదాపు పన్నెండే. పైగా మే మొదటివారంలోనూ ఆగస్టు మొదటివారంలోనూ మధ్యాహ్నం సూర్యుడు మనకి సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. కనుబొమ్మల నీడ కళ్ళ మీద, ముక్కు నీడ పెదవి మీద పడతాయి. జనవరిలో అయితే మిట్టమధ్యాహ్నం కూడా ఎండ మే నెలలో ఉదయం తొమ్మిదిన్నరకి ఉన్న ఎత్తులోనే, దక్షిణం వైపు వాలి ఉంటుంది. సంక్రాంతికి పన్నెండింటికి తీసినవి బాగొచ్చాయని మేలో కూడా అదే చేస్తే అందుకే చెడుతుంది.

మేలో పన్నెండింటికి అమ్మాయిని ఆరుబయటికి తేకండి. చుట్టుపక్కల పాత మండువా లోగిలి (నడుమ పైకప్పు లేని ఖాళీ ఉండే ఇల్లు) ఉంటే మీ అదృష్టం. మండువా అంచున, పైకప్పు నీడలో, దూలం కింద నుంచి అరమీటరు లోపలికి కూర్చోబెట్టి, ముఖం మండువా వైపు తిప్పండి. మధ్యలో నేల మీద పడ్డ ఎండ తిరిగి లేచి ముఖానికి మెత్తగా తగులుతుంది. నేల సిమెంటుదో లేత రాయిదో అయితే రంగు శుభ్రంగా ఉంటుంది. ఎర్రగచ్చు అయితే బుగ్గలు ఎర్రబడతాయి, అక్కడ తెల్ల దుప్పటి పరచండి. మండువా లేకపోతే వీధి అరుగైనా అంతే పని చేస్తుంది.

షామియానా కిందనే తీయాల్సివస్తే దాని రంగు చూడండి. తెల్లదైతే అంతకన్నా మంచి వెలుగు లేదు. ఎర్రదీ పసుపుదీ అయితే కింద ఉన్నవన్నీ ఆ రంగులోనే మునుగుతాయి. గుడ్డ కొన్ని రంగుల్ని అసలు కిందికి రానివ్వదు కాబట్టి లేని రంగుని కార్డు పెట్టి కూడా తేలేం. నీలం టార్పాలిన్ మరీ దారుణం, పెదవులు ఊదారంగులోకి మారతాయి. అమ్మాయిని అంచుకి తెచ్చి, బయటి వెలుగు ఎదురుగా పడేలా నిలబెట్టి, తలపైన రంగు గుడ్డ కన్నా ముందున్న తెరపి ఎక్కువ ఉండేలా చూసుకోండి.

ముఖానికి ఇంకాస్త వెలుగు కావాలంటే స్టేషనరీ షాపులో దొరికే థర్మాకోల్ షీటు చాలు. దాన్ని అమ్మాయి ఛాతీ ఎత్తులో, పక్కనుంచి ఏటవాలుగా ఒక మీటరు దూరాన పట్టించండి. గడ్డం కిందనుంచి పట్టిస్తే ముక్కురంధ్రాలు, కనురెప్పల కింద భాగం వెలిగి ముఖం వికారంగా ఉంటుంది. వెండిరంగు రిఫ్లెక్టర్ (వెలుగుని తిప్పికొట్టే పలక) పిల్లల కళ్ళలోకి పొడుస్తుంది. బంగారు రంగుది అసలే వద్దు, మన ఛాయల మీద అది పసుపు రాసినట్టు కనిపిస్తుంది.

మూడు నెలల పాపని ఉదయపు ఎండలో తీయొచ్చా?
– పాఠకురాలు, మండపేట

నేరుగా ఎండలో వద్దు. ఆరు నెలలు దాటేవరకూ నీడే. వీధి వాకిట్లో, గుమ్మానికి ఒక అడుగు లోపల, అమ్మ ఒళ్ళో పడుకోబెట్టి, పాప తల గుమ్మం వైపు కాస్త వాలేలా పెట్టి తీయండి. వెలుగు నుదుటి వైపు నుంచి గడ్డం వైపు దిగాలి. కాళ్ళ వైపు నుంచి వస్తే కిందనుంచి టార్చి వేసినట్టుంటుంది.

రాజమండ్రి ఘాట్లో సాయంత్రం తీసినవాటిలో గోదారి బంగారంలా వచ్చింది, పిల్లలు మాత్రం నల్లబొమ్మల్లా వచ్చారు.
– పాఠకుడు, ధవళేశ్వరం

రాజమండ్రి నదికి తూర్పుగట్టున ఉంది, ఎదుటిగట్టున కొవ్వూరు. కాబట్టి సాయంత్రం సూర్యుడు నది మీదుగానే దిగుతాడు. నదిని వెనక పెట్టుకుంటే ఎండ కూడా పిల్లల వెనకే ఉంటుంది. పిల్లల్ని అటు తిప్పితే కళ్ళు చికిలిస్తారు. రెండింటి మధ్యా దారి ఘాట్ మెట్లే చూపిస్తాయి.

పిల్లల్ని కింది మెట్ల దగ్గర, నదికి వీపు పెట్టి నిలబెట్టండి. వాళ్ళ ఎదురుగా పైకి లేచే మెట్ల మీద పడమటి ఎండ నిండుగా పడుతుంటుంది. ఆ మెట్లే పెద్ద రిఫ్లెక్టర్‌గా వెచ్చటి వెలుగుని ముఖాల మీదకి పంపుతాయి. మెట్లకి రెండు మూడు మీటర్ల లోపు ఉంటేనే అది తెలుస్తుంది. తడిసిన మెట్టు నల్లగా ఉండి వెలుగుని తినేస్తుంది, పొడి మెట్లున్న వైపు ఎంచుకోండి. మీరు నాలుగైదు మెట్లు పైన కూర్చుని తీయండి. పైనుంచి తీస్తే వెనక నీళ్ళు వస్తాయి, ఆకాశం తగ్గుతుంది, ముఖానికీ వెనకదానికీ తేడా కూడా తగ్గుతుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ప్లస్ 1 నుంచి ప్లస్ 1.7 దాకా పెంచండి. నీళ్ళలో మెరుపు కొంత తెల్లబడుతుంది, పడనివ్వండి.

లెన్సుకి హుడ్డు పెట్టండి, లేదా ఎండ గాజు మీద పడకుండా చేయి అడ్డం పెట్టండి. ఫోనైతే ముందు లెన్సుని నూలుగుడ్డతో తుడవండి. వేలిజిడ్డు మామూలు వెలుగులో తెలియదు, ఎదురెండలో ఫొటో మొత్తం పాలు కలిపినట్టు చేసేస్తుంది.

సమయానికి గడియారం అక్కర్లేదు. పిల్లవాడి నీడ వాడి ఎత్తుకి రెండింతలైనప్పటి నుంచీ వెలుగు మెత్తబడుతుంది. అది సూర్యాస్తమయానికి సుమారు రెండు గంటల ముందు. చివరి ముప్పావుగంట మరీ బావుంటుంది, కానీ మన అక్షాంశంలో సూర్యుడు నిటారుగా దిగుతాడు కాబట్టి వేగంగా అయిపోతుంది. జూన్‌లో ఆరున్నర దాటాక, డిసెంబరులో ఐదున్నరకే సూర్యుడు దిగిపోతాడు. వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంటే ఆ బంగారాన్ని కెమెరా కడిగేస్తుంది, డేలైట్‌లో పెట్టండి.

సూర్యుడు దిగిపోగానే సంచీ సర్దకండి. పది పదిహేను నిమిషాలు పడమటి ఆకాశమంతా ఒకే పెద్ద మెత్తటి దీపం. అప్పుడు పిల్లల్ని నది వైపు తిప్పండి, కళ్ళు హాయిగా తెరుస్తారు. ఐఎస్‌ఓ 800 నుంచి 1600, షట్టర్ 1/200. నీటి అంచున ఎవరో ఒక పెద్దవాళ్ళు ఫ్రేము బయట, చేయి చాస్తే అందేంత దూరంలో ఉండాలి. ఫొటో తీసేవాళ్ళు ఆ కాపలా కాయలేరు.

కాకినాడ బీచ్‌లో కూడా ఇలాగే చేయాలా?
– పాఠకురాలు, యానాం

కాదు, అక్కడ తలకిందులు. సముద్రం తూర్పున ఉంది. ఉదయం సముద్రం వెనక పెడితే ఎదురెండ, సాయంత్రం అదే సముద్రం ముందు పిల్లల ముఖాల మీద ఎండ. చివరి అరగంటలో తీస్తే చికిలింపు ఉండదు. అంతకన్నా ముందైతే కళ్ళు మూసుకోమని చెప్పి, మూడు లెక్కపెట్టి తెరవమనండి. తెరిచిన మొదటి సెకనులోనే నొక్కాలి. పొడి ఇసుక కిందనుంచి మంచి వెలుగిస్తుంది కాబట్టి రిఫ్లెక్టర్ అవసరం ఉండదు.

శ్రావణంలో అంతా మబ్బు. మెత్తటి వెలుగంటారు గానీ ఫొటోలు జీవం లేకుండా వస్తున్నాయి.
– పాఠకుడు, పాలకొల్లు

మబ్బు వెలుగు మెత్తనిదే, కానీ పైనుంచే వస్తుంది. కళ్ళు గుంటల్లో పడతాయి. పిల్లవాడిని అరుగు మీదో చూరు కిందో నిలబెడితే పైవెలుగు ఆగి ఎదుటివెలుగు మిగులుతుంది. లేదా మీరు కుర్చీ ఎక్కి, వాడిని పైకి చూడమనండి. తెల్లటి ఆకాశాన్ని ఫ్రేములోకి రానివ్వకండి. వైట్ బ్యాలెన్స్ 6000 నుంచి 6500. ఏసీ కారులోంచి దిగగానే లెన్సు మీద ఆవిరి పడుతుంది. కెమెరాని జిప్ సంచీలో ఉంచి బయటికి తెచ్చి, పావుగంట, ఇరవై నిమిషాలాగి తీయండి. తుడిస్తే మళ్ళీ పడుతుంది.

కడియం నర్సరీల్లో పూల మధ్య తీయాలని ఉంది. ఏ రంగు బట్టలు వేయాలి?
– పాఠకురాలు, రావులపాలెం

పచ్చదనం ముందు గంధం, లేత నారింజ, ఆవాలరంగు, మెరూన్ నిలబడతాయి. చిలకపచ్చ కలిసిపోతుంది. రాణీరంగు, ముదురెరుపు కళ్ళకి బావుంటాయి కానీ కెమెరాలో ఎరుపు ముందే నిండిపోయి, మడతలూ నేతా పోయి ఒకే ముద్దగా కనిపిస్తాయి. ఆ రంగే కట్టాలంటే కెమెరాలో రంగుల తీరు మార్చే పిక్చర్ స్టైల్‌ని వివిడ్‌లోంచి న్యూట్రల్‌కి మార్చి, ఎక్స్‌పోజర్ అర నుంచి ముప్పాతిక స్టాపు తగ్గించి, వెలుగు ఎంతుందో చూపే గ్రాఫైన హిస్టోగ్రామ్‌లో ఎరుపు గీత కుడిగోడని తాకకుండా చూడండి. జరీ అంచు ఎండలో మెరిస్తే పాపని కాస్త పక్కకి తిప్పితే చాలు. మెరిసే నియాన్ రంగు టీషర్టు మాత్రం వద్దు. దాని రంగు గడ్డానికి అంటుకుంటుంది.

నర్సరీలో షేడ్‌నెట్ కింద వెలుగు కాస్త పచ్చగా ఉంటుంది, కానీ చేను దగ్గరలా ముఖంలో సగానికి కాదు, అంతటా ఒకేలా. గ్రే కార్డుతో ఇది చక్కగా పోతుంది. పూల వరసకి పాపని ఆనించి నిలబెట్టకుండా మూడు మీటర్లు ముందుకి తెస్తే వెనక పూలు రంగులుగా మాత్రమే కరుగుతాయి. పాప నీడలో ఉంటే వెనక వరస కూడా నీడలో ఉండాలి. లెన్సుకి పెట్టే పోలరైజర్ ఫిల్టర్ తిప్పితే ఆకుల మీది తెల్లటి మెరుపు పోయి పచ్చదనం చిక్కబడుతుంది. బదులుగా ఒకటిన్నర, రెండు స్టాపుల వెలుగు పోతుంది. పరిగెత్తే పిల్లలకి అది కుదరదు.

పరిగెత్తేటప్పుడు తీస్తే మసకగా ఉంటున్నాయి. 85 ఎంఎం, ఎఫ్ 1.8 లెన్సు.
– పాఠకుడు, తణుకు

ఫుల్ ఫ్రేము (పెద్ద సెన్సరున్న) కెమెరాలో, రెండు మీటర్ల దూరంలో ఆ లెన్సు ఎఫ్ 1.8 దగ్గర సుమారు ఆరు సెంటీమీటర్ల లోతు మాత్రమే స్పష్టంగా చూపిస్తుంది. పిల్లాడు అరడుగు కదిలితే అయిపోయింది. ఎఫ్ 4 కి రండి, షట్టర్ 1/1000, కంటిన్యువస్ ఫోకస్ (కదిలేవాళ్ళ వెంట మారేది), ఐ ఫోకస్ (కంటిని పట్టేది) పెట్టండి. ఉయ్యాలైతే 1/500 చాలు. అది ముందుకొచ్చి ఒక్క క్షణం ఆగే చోట ముందే ఫోకస్ పెట్టుకుని అక్కడ నొక్కండి.

తెర మీద బావున్న ఫొటో ప్రింటులో ఎర్రగా, చీకటిగా వచ్చింది.
– పాఠకురాలు, రామచంద్రపురం

ఫోను తెర వెలుతురు పూర్తిగా పెంచి దిద్ది ఉంటారు. తెర వెలుతురు సగానికి దించి దిద్దండి. ఫైలుని ఎస్‌ఆర్‌జీబీలో (మామూలుగా వాడే రంగుల పద్ధతిలో) ఇవ్వండి. అడోబ్ ఆర్‌జీబీలో ఇస్తే చాలా ల్యాబుల్లో రంగులు తేడా వస్తాయి. ల్యాబువాళ్ళకి ‘కలర్ కరెక్షన్ వద్దు’ అని ముందే చెప్పండి, చాలాచోట్ల అలవాటుగా ఎరుపూ కాంట్రాస్టూ పెంచేస్తారు. 12×18 అంగుళాలకి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) చొప్పున 3600×5400 పిక్సెళ్ళు కావాలి. పెద్దది వేయించే ముందు అదే ఫైలుని 4×6 సైజులో అదే కాగితం మీద ఒకటి వేయించి, పగటి వెలుగులో, గుమ్మం దగ్గర నిలబడి పాప చేతి పక్కన పెట్టి చూడండి. ట్యూబ్‌లైటు కింద చూస్తే రంగు తేలదు. తేడా ఉంటే ఆ చిన్న ప్రింటునే ల్యాబుకి తీసుకెళ్ళి, ఎంత తగ్గించాలో చూపించి చెప్పండి.